16 ఏళ్ల నాటి గొడవ, 22 ఏళ్లకు వచ్చిన ఫారం

పోయిన నెల ఒక సాయంత్రం మగ్రిబ్ తర్వాత మా వీధిలోనే ఉండే ఒక పెద్దాయన ఇంటికొచ్చారు. ఆటో నడుపుతారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కొడుకు ఉద్యోగం కాగితాలు. కేంద్ర భద్రతా దళాల్లో ఒకదానికి అబ్బాయి సెలెక్టయ్యాడు. రాత పరీక్ష, పరుగు, మెడికల్ అన్నీ దాటాడు. మిగిలింది అటెస్టేషన్ ఫారం ఒక్కటే. అందులో ఒక కాలమ్ దగ్గర నాలుగు రోజులుగా ఇంటిల్లిపాదీ ఆగిపోయారు. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీపై ఎప్పుడైనా కేసు నడిచిందా? అవును లేదా కాదు. మూడో గడి లేదు.

అబ్బాయికి 16 ఏళ్లున్నప్పుడు గ్రౌండ్‌లో క్రికెట్ దగ్గర గొడవైంది. అవతలి జట్టులో ఒక పిల్లాడికి తల పగిలింది. నలుగురిని స్టేషన్‌కు తీసుకెళ్లారు. కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్లింది. ఏడాదిన్నర తిప్పి, చివరికి బోర్డు వాళ్లు మందలించి ఇంటికి పంపారు. ఆ రోజుతో అయిపోయిందనుకున్నారు అందరూ. ఆ కాగితం ఎక్కడ పెట్టారో కూడా ఇప్పుడు గుర్తు లేదు.

"భాయ్, అవునని రాస్తే నౌకరీ పోతది. లేదని రాస్తే రేపు వెరిఫికేషన్‌కొచ్చినోళ్లు అబద్ధం చెప్పిండంటరు. ఏం రాయాలె?"

ఈ ప్రశ్న ఆయనొక్కరిదే కాదు. పోలీసు కానిస్టేబుల్ పరీక్ష రాసే పిల్లలున్న ఇళ్లలో, ఐటీ కంపెనీలో చేరబోయే పిల్లలున్న ఇళ్లలో, గల్ఫ్‌కు పోవడానికి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కోసం తిరిగే ఇళ్లలో గొంతు తగ్గించి అడుగుతున్న ప్రశ్నే ఇది. గొంతు తగ్గించడం వల్లే సమాధానం కూడా సరిగ్గా దొరకడం లేదు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్లు నిండని వారెవరైనా ఆ చట్టం దృష్టిలో బాలలే. అందులో 'తాజా ఆరంభం' అనే సూత్రం ఉంది. అంటే చిన్నతనపు కేసు మనిషి వెంట జీవితాంతం రాకూడదు. ఈ సూత్రానికి రెండు సెక్షన్లు కాళ్లలాంటివి. ఒకటి సెక్షన్ 24. బాలుడు తప్పు చేశాడని తేలినా సరే, శిక్ష పడిన పెద్దవాళ్లకు అంటుకునే అనర్హతలేవీ అతనికి అంటవని అది చెబుతుంది. అప్పీలు గడువు, నిబంధనల్లో చెప్పిన కాలం దాటాక రికార్డును ధ్వంసం చేయాలని కూడా ఆ సెక్షనే అంటుంది. రెండోది సెక్షన్ 74. బాలుడి పేరు, ఫొటో, చిరునామా, బడి వివరాలు ఎవరూ బయటపెట్టకూడదు. క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా, ఇంకెందుకైనా పోలీసులు ఆ రికార్డు ఇవ్వకూడదు. మొదట్లో ఇది ముగిసిన కేసులకే ఉండేది. 2021 సవరణతో పెండింగ్ కేసులను కూడా చేర్చారు.

ఇది చదివితే మన ఆటో అన్న కొడుక్కి భయమే అక్కర్లేదనిపిస్తుంది. కానీ చిక్కంతా అమలులోనే మొదలవుతుంది.

మొదటి చిక్కు లెక్కల్లో ఉంది. కేంద్రం 2016లో తెచ్చిన నమూనా నిబంధనల ప్రకారం ఇలాంటి రికార్డును అప్పీలు గడువు ముగిసేదాకా, లేదా ఏడేళ్ల దాకా భద్రంగా ఉంచి, ఆ తర్వాత నాశనం చేయాలి. బోర్డు ఉత్తర్వుపై అప్పీలుకు గడువు 30 రోజులే. కానీ ఆఫీసుల్లో ఎవరూ తొందరపడరు కాబట్టి ఏడేళ్లనే లెక్క తీసుకోండి. పదిహేడున్నర ఏళ్లకు కేసు ముగిసిన కుర్రాడి రికార్డు ఇరవై నాలుగున్నర దాకా ఉంటుంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జీడీ కానిస్టేబుల్ పరీక్షకు సాధారణ వయోపరిమితి 18 నుంచి 23 ఏళ్లు. అంటే ఆ పిల్లాడు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టే వయసంతా రికార్డు బీరువాలోనే ఉంటుంది. అది చెత్తబుట్టలో పడేనాటికి అతని వయసు దాటిపోతుంది. ఏ చెడు ఉద్దేశమూ లేకుండానే నిబంధన ఈ పని చేస్తోంది. రిజర్వేషన్ వల్ల మూడు నుంచి ఐదేళ్లు సడలింపు వచ్చినా ఊరట కొంచెమే.

రెండో చిక్కు పోలీస్ స్టేషన్‌లో ఉంది. అవే నమూనా నిబంధనల ప్రకారం, ఏడేళ్లకు తక్కువ కాని శిక్షపడే ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేశాడన్న ఆరోపణ ఉంటేనో తప్ప పిల్లలపై ఎఫ్‌ఐఆర్ రాయకూడదు. మిగతా వాటికి జనరల్ డైరీలో నమోదు చేసి, పిల్లాడి కుటుంబ పరిస్థితులపై ఒక నివేదికతో బోర్డుకు పంపితే చాలు. క్రికెట్ గొడవకు అంతకంటే అవసరం లేదు. కానీ నలుగురిలో ఒకడికి 19 ఏళ్లుంటే చాలు, అందరి పేర్లూ ఒకే ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కుతాయి. ఎఫ్‌ఐఆర్ అయ్యాక అది కాగితం మీద ఆగదు. దేశంలోని స్టేషన్లను కలిపే సీసీటీఎన్‌ఎస్ కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్తుంది. బోర్డు గుమస్తా తన బీరువాలో ఫైలు చించేసినా, కంప్యూటర్లో ఎంట్రీని ఎవరు తీస్తారు? తీశారని ఎవరు చెబుతారు? తీసేసినట్టు మన చేతికి కాగితం ఇచ్చే పద్ధతి మామూలుగా కనబడదు.

దీనికి తోడు మన బస్తీల్లో ఇంకో సంగతి ఉంది. కార్డన్ సెర్చ్ రాత్రుల్లో, నాకాబందీల్లో పిల్లల ఫొటోలు, వేలిముద్రలు తీసుకోవడం కొత్తేమీ కాదు. 2021 లాక్‌డౌన్‌లో రోడ్డు మీద ఆపి మాస్కు తీయించి ఫొటో తీశారని ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ముఖాన్ని గుర్తుపట్టే టెక్నాలజీ వాడకంపై 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆయన పెద్దమనిషి, చదువుకున్నవారు, కోర్టుకు వెళ్లగలిగారు. పదిహేనేళ్ల మెకానిక్ పిల్లాడు ఏ కోర్టుకు వెళ్తాడు?

హిస్టరీ షీట్ల విషయంలో మాత్రం ఒక మంచి మాట వచ్చింది. ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లా ఖాన్ తన హిస్టరీ షీటుపై వేసిన కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ షీటులో ఆయన మైనర్ పిల్లల వివరాలు కూడా చేర్చారు. బంధువులైన మైనర్ల వివరాలు అలా రాయకూడదని ఢిల్లీ పోలీసులు తమ ఉత్తర్వును మార్చుకున్నారు. కోర్టు అక్కడితో ఆగలేదు. వెనుకబడిన వర్గాల నిరపరాధుల పేర్లు యాంత్రికంగా ఇలాంటి రికార్డుల్లోకి ఎక్కకుండా మిగతా రాష్ట్రాలూ చూడాలని సూచించింది. మన రెండు రాష్ట్రాల్లో స్టేషన్ స్థాయిలో దీని గురించి అడగాల్సింది మన ప్రజాప్రతినిధులే.

మూడోది చట్టంలోనే ఉన్న లోపం. బాలుడి వివరాలు పత్రికలో వేసినవారికి, బయటపెట్టినవారికి సెక్షన్ 74లో శిక్ష ఉంది. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఈ శిక్ష మొదటి ఉపసెక్షన్‌కు మాత్రమే. పోలీసులు రికార్డు ఇవ్వకూడదన్న రెండో ఉపసెక్షన్‌ను దాటితే ఏం శిక్షో అక్కడ రాయలేదు. అడ్డుకట్ట వేశారు గానీ కాపలా పెట్టలేదు.

ఇప్పుడు ఆ ఫారం సంగతికొద్దాం. వెరిఫికేషన్ ఫారాల్లో నిజం దాచినవారి విషయంలో ఏం చేయాలన్నది సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో తేల్చింది. అది ముగ్గురు న్యాయమూర్తుల తీర్పు. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, దాచకూడదు అన్నది మొదటి సూత్రం. చిన్న వయసులో నినాదాలు చేయడంలాంటి చిల్లర కేసు అయితే, దాచినా యజమాని క్షమించవచ్చు అన్నారు. అడగని సంగతి చెప్పలేదని తప్పు పట్టకూడదనీ అన్నారు. ఇవన్నీ మంచివే. అయితే 'క్షమించవచ్చు' అనే మాటలో ఎంత బలముందో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లకే తెలుసు. క్షమించాలా వద్దా అన్నది ఆ ఆఫీసరు చేతిలో ఉంది. ఆ ఆఫీసరుకు జువెనైల్ చట్టం తెలిసి ఉండాలన్న గ్యారంటీ లేదు.

2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు మన విషయానికి ఇంకా దగ్గరి తీర్పు ఇచ్చింది. కేంద్ర దళంలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఎంపికైన యువకుడు తనపై ఒకప్పుడు కేసు ఉందని తానే ఫారంలో రాశాడు. కేసు నాటికి అతను మైనర్. కేసు కొట్టేశారు కూడా. అయినా స్క్రీనింగ్ కమిటీ పనికిరావు పొమ్మంది. మైనర్‌గా ఉన్నప్పటి కేసులో ఒకవేళ శిక్ష పడి ఉన్నా దాన్ని అతనికి వ్యతిరేకంగా వాడకూడదని, ఆ మచ్చ చెరిగిపోవాలన్నదే చట్టం ఉద్దేశమని కోర్టు తేల్చింది. ఉద్యోగం ఇవ్వమంది. చాలా గొప్ప తీర్పు. అందులో ఒక విచిత్రం కూడా ఉంది. ఆ తీర్పు పేరులోనే ఆ యువకుడి పేరు ఉంది. మైనర్ గుర్తింపు దాచాలని చెప్పే చట్టం కింద గెలిచిన మనిషి పేరు ఇప్పుడు ప్రతి లా పుస్తకంలో, ప్రతి వెబ్‌సైట్‌లో కేసు వివరాలతో సహా దొరుకుతుంది. నేను ఇక్కడ రాయడం లేదు.

అలహాబాద్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. మైనర్‌గా ఎదుర్కొన్న కేసు గురించి అసలు అడగడమే ఆ వ్యక్తి గోప్యతకు, గౌరవానికి భంగమని చెప్పింది. అంటే తప్పు కుర్రాడు దాచడంలో లేదు, ఫారం అడగడంలో ఉంది. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. కానీ ఆ హైకోర్టు మాట ఉత్తరప్రదేశ్‌లో చట్టం. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో మన వకీలు దాన్ని చూపించి వాదించవచ్చు, అంతే. ఫారం మాత్రం ఎక్కడి కుర్రాడికైనా ఒకటే వస్తుంది.

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియాలో ఈ చిక్కుముడిని ఎలా విప్పారో చూడండి. అక్కడ జువెనైల్ రికార్డును కోర్టు సీలు చేశాక, ఆ సంఘటన జరగనట్టే లెక్క. ఎవరైనా అడిగితే అలాగే జవాబు చెప్పవచ్చని చట్టమే రాసింది. అంటే 'లేదు' అని రాయడం అక్కడ అబద్ధం కాదు. మన చట్టంలో రికార్డు చించేయమన్నారు, పోలీసు నోరు మూయమన్నారు గానీ ఆ కుర్రాడు ఏమని జవాబు చెప్పాలో ఒక్క వాక్యం రాయలేదు. ఆ ఒక్క వాక్యం ఉంటే మా ఆటో అన్న నాలుగు రోజులు నిద్ర పోగొట్టుకునేవారు కాదు.

కొందరు వకీళ్లు ఒక కిటుకు చెబుతారు. జువెనైల్ చట్టం పిల్లల విషయంలో 'అరెస్టు', 'నిందితుడు', 'శిక్ష' లాంటి మాటలే వద్దంటుంది కాబట్టి, 'అరెస్టు చేశారా' అంటే 'లేదు' అని నిజాయితీగానే రాయవచ్చట. మాట వరసకు బాగుంది. ఐదేళ్ల తర్వాత హైకోర్టులో గెలిపించవచ్చు కూడా. కానీ జాయినింగ్ లెటర్ కోసం ఎదురుచూస్తున్న ఇంటికి ఐదేళ్ల తర్వాత వచ్చే గెలుపు దేనికి?

ప్రైవేటు ఉద్యోగాల్లో కథ వేరు. అక్కడ పోలీసులు రానక్కర్లేదు. కంపెనీ ఒక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఏజెన్సీకి పని అప్పగిస్తుంది. వాళ్లు కోర్టు వెబ్‌సైట్లలో పేరు, తండ్రి పేరు, ఊరు కొట్టి వెతుకుతారు. దొరికింది రిపోర్టులో పెడతారు. మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. గుంటూరులో షేక్ ఇంటిపేరున్నవారు ఎంతమందో, హైదరాబాద్‌లో మహమ్మద్‌తో మొదలయ్యే పేర్లు ఎన్నో లెక్కపెట్టగలమా? మొహమ్మద్, మహ్మద్, ఎండీ అని ఒక్కరికే మూడు సర్టిఫికెట్లలో మూడు స్పెల్లింగులు. వేరే వాళ్ల కేసు మన పిల్లాడి రిపోర్టులో ఎర్ర రంగులో కనిపించే ప్రమాదం మనకు మామూలు కంటే ఎక్కువ. ఆ రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి. తప్పైతే రాతపూర్వకంగా సరిచేయించుకోండి. హెచ్‌ఆర్ వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశాక బాధపడి లాభం లేదు.

న్యూస్ చానళ్ల పాత వీడియోలు ఇంకో తలనొప్పి. ఒక్కోసారి ముఖానికి మసక వేస్తారు, తండ్రి దుకాణం బోర్డు మాత్రం స్పష్టంగా చూపిస్తారు. అది కూడా గుర్తింపు బయటపెట్టడమే. ఫిర్యాదు చేయవచ్చు.

అవతలి వాదనా వినాలి. పోలీసు ఉద్యోగం, ఆయుధం పట్టే ఉద్యోగం ఇచ్చేముందు మనిషి నడత చూడొద్దా అని అడుగుతారు. చూడాలి. 2022లో జూబ్లీహిల్స్ అత్యాచార కేసు వచ్చినప్పుడు మైనర్లను పెద్దవాళ్లలా విచారించాలా అని రాష్ట్రమంతా చర్చ నడిచింది. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. ఆ ఆడపిల్ల మన ఇంటి పిల్లే అనుకుంటే ఇంకా బాగా అర్థమవుతుంది. అయితే చట్టం ఆ తేడా ముందే పెట్టింది. 16 దాటినవాడు ఘోర నేరంలో పెద్దవాడిలా విచారణకు వెళ్లి, తప్పు తేలితే, సెక్షన్ 24 రక్షణ అతనికి లేదు. రికార్డూ చెరిగిపోదు. ఫారం మాత్రం ఈ తేడా చూడదు. ఆ నేరానికీ క్రికెట్ బ్యాటు దెబ్బకూ ఒకే గడి.

2007 మే 18 నాటి మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన యువకుల్లో కేసులు నిలవనివారికి 2012లో అప్పటి ప్రభుత్వం పరిహారంతో పాటు నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. పరిహారాన్ని మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది. వాళ్లు మైనర్లు కారు, ఆ కథ వేరు. కానీ నిర్దోషి అని కోర్టు చెప్పాక కూడా ఇంకో కాగితం కావాల్సి వచ్చిందన్నది మన నగరం ఒకసారి చూసిన సంగతే.

మరి ఇళ్లలో ఏం చేయాలి? పిల్లాడిని స్టేషన్‌కు తీసుకెళ్లిన మొదటి గంటలోనే వయసు సంగతి చూడాలి. మన దగ్గర చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. బడి మానేసిన పిల్లాడికి సర్టిఫికెట్ దొరకదు. ఎస్సై అంచనాగా 19 అని రాస్తే అక్కడితో చట్టం రక్షణ అంతా పోతుంది. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది, అది సరిపోతుందనుకుంటాం. సెక్షన్ 94 ప్రకారం ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ పేరు ఆ వరుసలోనే లేదు. కాబట్టి కొడుకు పదిహేనుకు రాకముందే జనన ధ్రువపత్రం తీసి పెట్టుకోండి. కేసు వస్తుందని కాదు, పాస్‌పోర్టుకైనా పనికొస్తుంది. ఇప్పటికే పెద్దవాడిగా రాసేసి కేసు నడిచిపోయి ఉంటే, అప్పటికి మైనర్‌నని ఏ దశలోనైనా, కేసు ముగిశాకైనా చెప్పుకోవచ్చు. చట్టం దానికి తలుపు తెరిచే ఉంచింది.

తర్వాతిది బోర్డు ముందు. 'ఒప్పేసుకుంటే ఇవాళే పంపేస్తారు' అని ఎవరో చెబితే తల ఊపేస్తాం. మందలించి పంపినా, అది తప్పు చేశాడని తేలాక ఇచ్చే ఉత్తర్వే. ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. రికార్డు ధ్వంసం చేయాలన్న ఆదేశం అందులో ఉందో లేదో చదివించుకోవాలి. లేకపోతే దరఖాస్తు పెట్టి అడగాలి. వకీలు ఫీజు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఇక ఆ గడి. నేను వకీలును కాను, ఆటో అన్నకు అదే చెప్పాను. నాకు తోచింది మాత్రం ఇది. ఫారం ఇప్పుడున్నట్టే ఉన్నంతకాలం ఒట్టి 'లేదు' అని రాయడం ప్రమాదం, ఒట్టి 'అవును' అని రాయడం అన్యాయం. పక్కన ఒక కాగితం జతచేసి, నేను అప్పటికి మైనర్‌ను, బోర్డు ఫలానా తేదీన ముగించింది, సెక్షన్ 24, 74 ప్రకారం దీన్ని నాపై వాడరాదు అని రాసి, ఉత్తర్వు కాపీ పెట్టడం నయం. 2019 తీర్పులో గెలిచిన కుర్రాడు కూడా తానే రాసుకున్నవాడే. ఇలా చెప్పడం నాకూ ఇష్టం లేదు. చట్టం మరిచిపొమ్మన్నదాన్ని పిల్లాడి చేతనే మళ్లీ రాయిస్తున్నాం.

ఆయన అన్నీ విన్నారు. "అంటే ఆ బోర్డు కాగితం దొరకాలె గదా ముందు" అన్నారు. మర్నాడే వెళ్లారట. పాత ఫైళ్లు చూసే మనిషి సెలవులో ఉన్నాడు, సోమవారం రమ్మన్నారు. ఫారం పంపాల్సిన చివరి తేదీ ఆ బుధవారం.